గుంజకు మూడు చుట్లు

ఈ నాలుగు పేజీలు నేను రాయకపోతే ఒక అబద్ధం నిజమై నిలిచిపోతుంది. పోయిన నెల సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఒకాయన పెద్దకర్మ జరిగింది. భోజనాల దగ్గర అందరూ ఆయన గురించి తలా ఒక మంచిమాట అన్నారు. అప్పుడు ఒక ముసలావిడ పెరుగన్నం కలుపుకుంటూ, "మంచోడే గానమ్మా, ఆ నాటకం రోజు తాగొచ్చి తాడొగ్గీసి ఆడగుంటని పడీసినాడు కదేటి. అదొక్కటే మచ్చ" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వడ్డిస్తున్న ఆయన కూతురి చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

ఆ మాట అన్నది మా అమ్మ. ఆయన ఆ రోజు తాగలేదని తెలిసిన మనిషి ఇక భూమ్మీద ఒక్కరే మిగిలారు. అది అమ్మ పక్కనే, విస్తరి ముందు తల వంచుకుని కూర్చున్న నేను.

నేను పదో తరగతితో బడి మానేసి జాకెట్లు కుట్టి బతికినదాన్ని. మిగిలిన చదువంతా బెంగాల్ రేవుపేట వాట్‌గంజ్‌లో పనులకు వలసొచ్చిన మన తెలుగువాళ్ళ రీడింగ్ రూములో చదువుకున్నదే. అక్కడున్న రెండు బీరువాల పుస్తకాలూ, చెదలు తిన్నవాటితో సహా, పై అర నుంచి కింది అర దాకా చదివాను. అందుకని రాయడానికి నాకు భయం లేదు. రాయబోయే విషయం అంటేనే భయం.

ఆయన పేరు రాయను. "మళ్ళీ ఆ పేరూ ఆ మాటా ఒకే కాయితం మీద వొద్దప్పా" అని ఆయన కూతురు అడిగింది. అప్ప అంటే మాలో అక్క. మేమందరం ఆయన్ని మావ అనేవాళ్ళం. ఇక్కడా అంతే.

మావ మా బడి గేటు కాపలాకు దర్వాన్‌గా రాకముందు డాకులో, అంటే ఓడరేవులో, సిగ్నల్ మనిషి. ఓడ గోదాము నోటి దగ్గర అంచు మీద నిలబడి, లోపలున్న సరుకునీ పైన బరువులెత్తే వించి యంత్రం డ్రైవర్‌నీ చేతులతో కలిపే పని అది. వించి నడిపేవాడికి లోపల ఏముందో కనబడదు. సిగ్నల్ మనిషి చెయ్యే అతని కన్ను. చూపుడువేలు పైకి తిప్పితే హాబీస్, అంటే ఎత్తు. అరచెయ్యి కిందికి ఊపితే ఆరియా, అంటే దించు. పిడికిలి బిగించి భుజం దాకా లేపితే, ఆగు. ఊపిరి కూడా ఆగాలి.

కుడిచేతి చివరి రెండు వేళ్ళూ ఒక ఇనుప తాడు కింద పోయాక ఆయన్ని డాకు నుంచి పంపేశారు. చేతులకు మాత్రం పాత అలవాటు పోలేదు. గంట కొట్టగానే పిల్లలు మెట్ల మీద తోసుకుంటే నోరు మెదపడు. పిడికిలి లేపుతాడు. మూడు వందల మందీ ఆగేవాళ్ళు. చేపల బజారులో బేరం కుదరకపోతే అరచెయ్యి కిందికి ఊపేవాడు. "దాదా, ఆర్ కొతొ ఆరియా కోర్బో?" అని చేపలమ్మి నవ్వేది, ఇంకెంత దించనూ అని. భార్య పోయిన ఇంట్లో పదేళ్ళ కూతురితో కూడా సగం మాటలు చేతులతోనే.

అయినా మాకు ఆయనంటే భయం. గట్టిగా అరవడు, కొట్టడు. కానీ కళ్ళు ఎప్పుడూ మన తలకు పైన దేన్నో చూస్తుంటాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ చటుక్కున పైకి చూసేవాడు. మేమూ చూసేవాళ్ళం. పైన ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే వణుకు పుట్టించేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బడి వార్షికోత్సవానికి తెలుగు మాష్టారు ఒక నాటకం రాశారు. ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చి నాలుగైదేళ్ళయిన రోజులవి. సాయంత్రమైతే కరెంటు పోయేది, అందుకని నాటకం మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. కథ చిన్నదే. ఒక రాక్షసుడు వానను కొండలో దాచేస్తాడు. చివర్లో వానదేవత ఆకాశం నుంచి దిగుతుంది. ఆ దిగడం నిజంగా దిగాలని మాష్టారి పట్టుదల. మా తరగతిలో సగం మందికి తెలుగు చదవడం రాదు. వాళ్ళ మాటలన్నీ బెంగాలీ అక్షరాల్లో నేనే రాసిచ్చాను. మాష్టారు నన్ను మెచ్చుకున్నది అందుకే. అలా మెచ్చుకునే నన్ను మావకు అప్పగించారు. "ఈ పిల్లకి బుర్ర ఉంది, నీకు సిగ్నల్ ఇస్తుంది" అన్నారు.

దేవతను దించడం మావ పని. స్టేజి పైదూలానికి ఇనుప గిలక కట్టాడు. వెనక తెర చాటున నేలలో ఒక గుంజ పాతాడు. పిల్ల నడుముకు గుడ్డ బెల్టు, బెల్టు నుంచి తాడు గిలక మీదుగా వెనక్కి వచ్చి గుంజకు మూడు చుట్లు చుట్టుకుంటుంది. ఆ చుట్లు వదులు చేస్తూ ఆయన మెల్లగా దించాలి. తెర వెనకున్న ఆయనకు పిల్ల కనబడదు. పక్కనున్న నాకు ఇద్దరూ కనబడతారు.

"మూడు సుట్లే ఏటి మావా? ఒకటి సాలదా?" అని అడిగాను.

"ఒక సుట్టుకి నా బలం కావాల. రెండుకి సగం కావాల. మూడుకి నీ బలం సాలు. బరువు మొయ్యీది నాను కాదు, గుంజా తాడూ ఒకదాన్నొకటి కరుసుకోడం." చాలా ఏళ్ళ తర్వాత రీడింగ్ రూములో భౌతికశాస్త్రం పుస్తకంలో ఇదే సంగతి లెక్కలతో సహా చదివినప్పుడు, ఆ పుస్తకం రాసినాయన మావ దగ్గర నేర్చుకున్నాడేమో అనిపించింది.

దేవత వేషానికి పిల్లను ఎంచింది కూడా మావే. నలుగురు ఆడపిల్లల్ని రేషన్ షాపుకు తీసుకెళ్ళి బియ్యం తూచే కాటా మీద నిలబెట్టాడు. షాపువాడు పడీ పడీ నవ్వాడు. అందరికన్నా తేలికది వరాలు, నా పక్క బెంచీది, డాకు కూలీల మేస్త్రీ అయిన సర్దారు కూతురు. మాష్టారు ముందు అనుకున్న పిల్ల సూర్రావు చెల్లెలు. అది తొమ్మిది కేజీలు ఎక్కువ తూగింది. పదో తరగతి సూర్రావుకు ఇది అవమానం. "మా సెల్లిని బస్తాలాగ తూసినావు, నీ తాడు తెగిపోను!" అని బడి గేటు దగ్గర అందరి ముందూ అరిచాడు. మావ చూపు వాడి మీద నిలవలేదు. పైకి చూశాడు, అంతే.

రిహార్సల్ మొదటిరోజు ఆయన సుద్దముక్కతో స్టేజి మీద నాలుగు పలకల గడి గీశాడు. వేలాడే మనిషి కింద ఆ గడిలో ఎవరూ అడుగు పెట్టకూడదు. రాజు వేషం వేసిన వాడు కిరీటం పడిపోయిందని వంగి గడిలోకి చెయ్యి పెట్టాడు. మావ వాణ్ణి చొక్కా పట్టుకుని ఇవతలికి ఈడ్చేశాడు.

"కిరీటం మావా!"

"బరువు కింద రాజు లేడు, బంధువు లేడు. నాను ఒక బీహారీ గుంటణ్ణి సూసినాను. బీడీ పడిపోనాదని వొంగినాడు."

అంతవరకే చెప్పి సుద్దగీతను మళ్ళీ దిద్దాడు.

నాటకం ఇంకా వారం ఉందనగా మావ నన్ను తెర వెనక్కి పిలిచాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆయన, గుంజకు తాడు కట్టిన ముడిలో ఒక కొబ్బరి పీచు దూర్చి వెళ్ళేవాడట. పొద్దున్న వచ్చేసరికి పీచు కింద పడి ఉంది. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే.

"ఎవురో నా తాడు ముడుతున్నారు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, కానీ ఉన్న మూడు వేళ్ళూ ముడి మీద ఆడుతూనే ఉన్నాయి.

ఆ మాట బడంతా పాకింది. అందరికీ సూర్రావే గుర్తొచ్చాడు. వాడు ఎదురైతే వరాలు నా చెయ్యి పట్టుకునేది. దాని చెయ్యి చల్లగా ఉండేది. "నేను మానేస్తానంటే మా నాన్న తిడతాడే. పిలుపు కార్డులు పంచీసినాడు" అనేది. నాకు కలలో తాడు ఒక్కో పోగే తెగుతూ కనిపించేది. లేచి అమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అమ్మ నాకన్నా భయస్తురాలు.

నాటకం రోజు మావ పొద్దున్నుంచీ గుంజ పక్కనే కూర్చున్నాడు. తాడు పోగుపోగూ వేళ్ళతో తడిమాడు. ఇసక బస్తా కట్టి నాలుగుసార్లు దించాడు. రెండున్నరకు మాష్టారొచ్చి, పెద్దలొస్తున్నారు, ఆ చెమట చొక్కా మార్చుకుని రమ్మని పట్టుబట్టారు.

మావ నన్ను గుంజ దగ్గర నిలబెట్టాడు. "నాను వచ్చీదాకా కదలకు. ఎవుర్నీ ముట్టనీకు. మాష్టారొచ్చినా సరే."

"సూర్రావొస్తే?"

"కేకెయ్యి."

పళ్ళు బిగించి నిలబడ్డాను. తెర అవతల కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ప్రతి చప్పుడూ సూర్రావు అడుగులాగే వినపడింది. ఇంతలో వెనక తలుపు కిర్రుమంది. చూస్తే అమ్మ. చేతిలో ఇత్తడి పళ్ళెం, పసుపు, కుంకుమ, కొబ్బరిచిప్ప నిండా ఆవనూనె.

"హమ్మయ్య, నువ్వా!" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఎవర్నీ ముట్టనివ్వకు అంటే ఆ ఎవర్లో అమ్మ కూడా ఉంటుందని నాకు తోచలేదు.

"ఒలే, ఆ పిల్లకి దిష్టి తగిలింది. ఎవుడో తాడు మీద కన్నేసినాడు. విశ్వకర్మ పూజకి మీ నాన్న మిషినికి ఏటేటా రాత్తాం కాదేటి? ఎప్పుడైనా దానికి ఆపదొచ్చిందా?"

నిజమే. నాన్న వించి డ్రైవర్. ఏటా ఆ పండగకి పసుపూ కుంకుమా నూనెలో కలిపి వించి చక్రాలకు దిట్టంగా పూసేవాళ్ళం. ఇనుముకు నూనె మంచిదని మా వీధిలో చంటిపిల్లకీ తెలుసు. అమ్మ కళ్ళు మూసుకుని గొణుక్కుంటూ గుంజకు రాసింది. తాడుకు, పైకి చెయ్యి అందినంత మేర, రెండు చేతులతో పట్టించి మరీ రాసింది. పళ్ళెం నేను పట్టుకున్నాను. గుంజకు బొట్టు పెట్టి, నా నుదుట కూడా పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళిన మావ ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే ముందు తెర లేచి, నాటకం ముగింపుకొచ్చింది. మేమున్న వెనక తెర చాటున చీకటి. చుట్లు సరిచూసేలోగా వరాలు పైదూలం పక్కన వేసిన బల్ల అంచుకు వచ్చేసింది. మాష్టారు కంగారుగా చెయ్యి ఊపుతున్నారు. నేను మావ వైపు తిరిగి అరచెయ్యి కిందికి ఊపాను. ఆరియా.

వరాలు బల్ల మీంచి అడుగు బయటికి వేసింది.

తాడు కరుచుకోలేదు. ఒక జాన దిగాల్సిన పిల్ల రాయిలా పడింది. దాని జడ పైకి లేవడం, నోరు తెరుచుకోవడం చూశాను. కేక వినపడలేదు. నా పిడికిలి భుజం దాకా ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. తెర వెనక ఏదో గుంజకు కొట్టుకున్న చప్పుడైంది. సుద్దగడికి నడుమెత్తున వరాలు ఆగిపోయింది. గాలిలో గిరగిరా తిరుగుతోంది.

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో సర్దారు లేచి నిలబడి మరీ కొట్టాడు. దేవత మెరుపులా దిగిందనుకున్నారు.

మావ గుంజకు ఛాతీ ఆనించి, తాడును ముంజేతికి చుట్టేసుకుని, కాళ్ళు నేలకు తన్ని ఉన్నాడు. తాడు ఆయన చర్మంలోకి దిగింది. కళ్ళు నా చేతి మీద ఉన్నాయి. నాకు ఏడుపొచ్చేసింది గానీ చెయ్యి దించాలని గుర్తుంది. మెల్లగా, చాలా మెల్లగా ఊపాను. ఆ చేతులతోనే ఆయన వరాల్ని నేల మీద నిలబెట్టాడు. వరాలు తన నాలుగు మాటలూ చెప్పింది. ఒక్కటి తప్పలేదు. చెప్పి పడిపోయింది. దాని భుజం కీలు తప్పిందని తర్వాత తెలిసింది.

స్టేజి మీద గగ్గోలు మొదలవుతుండగా నేను మావ దగ్గరికి పరిగెత్తాను. అరచేతుల్లో రక్తం. రక్తంలో పసుపు. ఆయన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఎవురు?"

"అమ్మ."

ఆయన ముఖంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. భయం వచ్చింది. అంతటి మనిషి ముఖంలో భయాన్ని అప్పుడే చూశాను.

"బేగి. ఆ తువ్వాలియ్యి."

ఆ చేతులతో గుంజను తుడిచాడు. తాడును అమ్మ రాసిన మేరా తుడిచాడు. నా నుదుటి బొట్టు కూడా తుడిచేశాడు. రక్తం అంటింది. తువ్వాలును లుంగీలో దోపుకునేసరికి సర్దారు తెర చించుకుని లోపలికొచ్చాడు.

రెండు రోజుల తర్వాత హెడ్మాస్టర్ గదిలో విచారణ. హెడ్మాస్టర్, సర్దారు, బడి కమిటీవాళ్ళు ఇద్దరు. సూర్రావును ముందే పిలిచి రెండు చెంపదెబ్బలు కొట్టి పంపేశారు. వాడు నాటకం రోజు ఊళ్ళోనే లేడని తేలింది. తర్వాత నన్ను పిలిచారు.

"నువ్వు అక్కడే ఉన్నావు. ఏం చూశావు?"

గోడవార మావ నిలబడి ఉన్నాడు. చేతులకు మోచేతుల దాకా కట్లు. నేను నోరు తెరిచాను. ఆయన కట్టు కట్టిన చెయ్యిని భుజం దాకా లేపాడు. ఎవరికైనా చెయ్యి నొప్పితో లేపినట్టే ఉంటుంది. నాకు మాత్రం ఊపిరి ఆగిపోయింది.

"సెయ్యి జారింది బాబూ" అన్నాడు.

"పదిహేనేళ్ళు డాకులో చేసిన మనిషివి. నీకెలా జారింది?" సర్దారు లేచాడు. "రెండున్నరకి ఎక్కడికి పోనావు? తాగినావు కదూ?"

మావ కళ్ళు పైకప్పు మీదికి పోయాయి.

"అడుగుతున్నాను. తాగినావా?"

"కొంచెం" అన్నాడు మావ.

ఉద్యోగం ఆ పూటే పోయింది. గేటు బయట ఆయన వెనక పరిగెత్తాను. "నువ్వు తాగలేదు కదా! నూనె వల్ల అని చెప్పు మావా!"

ఆయన ఆగి అటూ ఇటూ చూశాడు. "పసుపూ కుంకం సూత్తే మనోళ్ళు నూనె అనరు గుంటా. సిల్లంగి అంటారు, అంటే సేతబడి. మీయమ్మ తాడుకి సిల్లంగి పెట్టిందంటారు." గొంతు తగ్గించాడు. "మా మేనత్తని అన్నారు. మా ఊళ్ళో. రాయితో పళ్ళు రాలగొట్టినారు, మంత్రం సదవకుండా. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ సర్దారు ఊరూ మా ఊరికి కోసెడు దూరమే. మీయమ్మకి కూడా సెప్పీకు. ఆవిడ నోరాగదు, ఏడిసి పదిమందికి సెప్పీత్తాది."

చెప్పలేదు. చాన్నాళ్ళు మా వీధిలో ఎవరైనా గట్టిగా తలుపు కొడితే నేను అమ్మ నోటి వైపు చూసేదాన్ని.

మావ సంత్రాగాఛి స్టేషన్ బయట వేరుశనక్కాయల బుట్ట పెట్టుకున్నాడు. చేతులు ఆ తర్వాత పూర్తిగా ముడుచుకోలేదు. పొట్లం కట్టడానికి కొనేవాళ్ళ సాయం అడిగేవాడు. నా పాతికేళ్ళ వయసులో ఒకసారి ఆయన దగ్గరికి వెళ్ళి, ఇప్పుడైనా చెప్పేస్తానన్నాను. నవ్వాడు. "తాగుబోతని పేరొచ్చింది కదా, పండగొస్తే ఎవుడో ఒకడు ఊరికే పోయిత్తాడు. నా నోటికాడిది ఎందుకు తీత్తావు?" అన్నాడు. నేను నవ్వలేదు. అప్పుడు బుట్ట పక్కకు జరిపి కూర్చోమన్నాడు. "మీయమ్మ ఆ గుంట బతకాలనే రాసింది. నాను బతకాలనే అట్టుకున్నాను. ఇద్దరిదీ ఒకే పని. ఆవిడికి ఇల్లుంది, పిల్లలున్నారు, పళ్ళున్నాయి. నాకు పేరొక్కటే పోయింది. నా కూతురుకి నిజం తెలిస్తే సాలు. నాను పోయేముందు నానే సెప్పుకుంతాను."

చెప్పుకోలేదు. రైలు వంతెన మెట్ల మీద పడిపోయి, అక్కడికక్కడే పోయాడు.

పెద్దకర్మ నుంచి ఇంటికొచ్చాక అమ్మను కూర్చోబెట్టి అంతా చెప్పాను. అమ్మ చివరిదాకా వింది. తర్వాత లేచి, పట్టపగలు, వీధి తలుపు గడియ వేసింది. సర్దారు పోయి పదేళ్ళయింది. అయినా గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఆడి కూతురు ముందు అనీసినాను కదే" అంది. ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్న నన్ను సంత్రాగాఛికి మళ్ళీ తీసుకెళ్ళమంది. అమ్మా మావ కూతురూ లోపల గదిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికొచ్చాక అమ్మ నాతో, "రాయి. సదివీవోళ్ళు సదువుతారు" అంది.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళకు నా నమస్కారాలు. తండ్రి గురించి రాయడానికి ఒప్పుకున్న మావ కూతురు దమయంతికి. ఇప్పుడు న్యూ టౌన్‌లో కొడుకు దగ్గర ఉంటున్న వరాలుకు. ఆ వారమంతా పొద్దున్నే వచ్చి ముడి గట్టిగా ఉందో లేదోనని లాగి చూసుకున్నది తనేనని, కొబ్బరి పీచు పడిపోయింది అందుకేనని, మొన్న ఫోన్లో చెప్పి ఏడ్చింది. చెయ్యని తప్పుకు దెబ్బలు తిని, నేను క్షమించమంటే "వొదిలీయమ్మా" అన్న సూర్రావుకు. అచ్చుతప్పులు దిద్దిన రీడింగ్ రూము అప్పలస్వామి గారికి.

అందరికన్నా చివర, మా అమ్మ సన్యాసమ్మకు. ఆమె పేరు లేకుండానే రాశాను. చదివించుకుని వింది. తాడుకు నూనె రాసిన మనిషి పేరు లేకపోతే ఎవరూ నమ్మరని, తన పేరు పెట్టమని ఆమే చెప్పింది. పెట్టాను. ఆమె వయసు డెబ్బై ఆరు. వాట్‌గంజ్‌లో అదే ఇంట్లో ఉంటోంది. ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే వచ్చి తననే అడగమంది.